మా ఇంటి గోడ మీద మరక



ఈసారి మీతో చెప్పాలనుకున్నది మరుగుదొడ్డి పైపు గురించి. నవ్వకండి. పోయిన ఆదివారం మందిరంలో ఉన్నవాళ్ళు కొంత విన్నారు. హైదరాబాదులో, గల్ఫులో ఉన్న మన పిల్లలు “ఏం జరిగింది అయ్యగారూ” అని ఫోన్లు చేస్తున్నారు. అందుకే మొదటి నుంచి రాస్తున్నాను.

మేముంటున్న ఇల్లు పాత మిషన్ బంగళా అని మీకు తెలుసు. మేడ మీద ఒక మరుగుదొడ్డి ఉంది. అక్కడి నుంచి నాలుగంగుళాల బీడు పైపు, అదే కాస్ట్ ఐరన్ పైపు, గోడ వెంట కిందికి దిగి, నేలలో వంపు తిరిగి, పెరట్లోని సెప్టిక్ ట్యాంకుకు వెళ్తుంది. ఆ గోడకు ఇవతలి వైపే నా ప్రార్థన గది. నేను ప్రసంగాలు సిద్ధపడేది ఆ గోడకు ఎదురుగా కూర్చునే.

శ్రావణంలో వానలు పడుతున్నప్పుడు ఆ గోడ మీద అరచేయంత చెమ్మ మరక కనబడింది. వాన చెమ్మ అనుకున్నాను. వానలు తగ్గాయి, మరక తగ్గలేదు. అక్టోబరు నాటికి చాటంత అయింది. అంచుల్లో తుప్పు రంగు, మధ్యలో పాకురు రంగు. సున్నం పెచ్చులుగా లేవడం మొదలైంది. దాంతో పాటు సన్నగా వాసన.

మా ఆవిడ ఒకరోజు గది ఊడుస్తూ ఆగి, “ఏమండీ, ఇది వాన చెమ్మ కాదు” అంది.

“పాత గోడలు అంతే. ఎండ కాస్తే ఆరిపోతుంది” అన్నాను.

నిజానికి ఆమె కంటే ముందే ఆ వాసన ఏమిటో నాకు తెలిసింది. మా నాన్న పట్నంలో మునిసిపాలిటీ డ్రైనేజీ పని చేసేవారు. సాయంత్రం ఇంటికొచ్చి పెరట్లో లైఫ్‌బాయ్ సబ్బుతో రెండుసార్లు స్నానం చేసేవారు. అయినా ఆ వాసన పూర్తిగా పోయేది కాదు. బడిలో నా పక్కన కూర్చునే అబ్బాయి ఒకరోజు ముక్కు మూసుకుని వేరే బెంచీకి వెళ్ళిపోయాడు. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. ఆ తర్వాత బైబిలు కాలేజీకి వెళ్ళాను, అభిషేకం పొందాను, తెల్లచొక్కా వేసుకున్నాను. ఆ వాసన నుంచి చాలా దూరం వచ్చేశాననుకున్నాను. అది నా ప్రార్థన గదిలోకే వచ్చేసరికి ఒప్పుకోబుద్ధి కాలేదు. ఇంత చిన్న సంగతి దాచడానికి అసలు కారణం ఇదే.

డిసెంబరు వచ్చింది. క్రిస్మస్ కూడికలకు ఇంటికి అందరూ వస్తారు. మొదటి వారంలో పెచ్చులు గీకి, లప్పం పెట్టి, రెండు పూతలు సున్నం వేయించాను. మేడ మీద మరుగుదొడ్డిలో ఫినాయిలు పోశాను. అదీ చాలక కొట్లో దొరికే బాత్రూమ్ యాసిడ్ రెండు సీసాలు తెచ్చి పోశాను. వారం రోజులు వాసన రాలేదు. గోడ తెల్లగా మెరిసింది. క్రిస్మస్ రోజున ఒక సంఘ పెద్ద నా గదిలో కూర్చుని, “గది కళకళలాడుతోంది అయ్యగారూ” అన్నారు. నాకు సంతోషంగానే అనిపించింది.

జనవరిలో, సంక్రాంతి సెలవులు అయిపోయాక, పక్కింటి మామ్మ గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది. మనవరాలిని పెంచుకుంటూ ఒంటరిగా ఉంటుంది. ఆమె బావి మా ప్రహరీని ఆనుకునే ఉంది. లోపలికి రమ్మంటే రాలేదు. చీరకొంగు చేత్తో నలుపుతూ, “ఏమనుకోకండయ్యగారూ... మా బావి నీళ్ళు వాసనొస్తన్నాయండి” అంది.

“ఎన్నాళ్ళ నుంచి మామ్మా?”

“పండక్కి ముందు నించీనండి. గుడ్డలో వడగట్టుకుని తాగుతున్నాం. మీతో చెప్తే బాగోదని...”

ఆ నెలలో ఆమె మనవరాలికి విరేచనాలు పట్టుకుని, రెండు రోజులు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో సెలైన్ పెట్టారు. ఆ పాప కోసం ప్రార్థన చేయడానికి నేనే వెళ్ళాను. మంచం పక్కన నిలబడి, తలమీద చెయ్యి వేసి ప్రార్థించి వచ్చాను. ఆ జబ్బు ఆ నీళ్ళ వల్లే వచ్చిందని నేను చెప్పలేను. కాదని చెప్పే ధైర్యమూ లేదు. నా గోడ తెల్లగా ఉండాలని నేను చూసుకుంటున్నప్పుడు, ఒక ముసలమ్మ నా పరువు కాపాడడానికి ఆ నీళ్ళు వడగట్టుకుని తాగింది. ఆ రాత్రి మోకరించాను గానీ మాట రాలేదు.

మర్నాడు ప్లంబర్‌ని పిలిచాను. మన సంఘపు కుర్రాడే. ఆరాధనలో చెప్పులు విడిచే చోటుకు దగ్గరగా, చివరి వరుసలో కూర్చుంటాడు. ముగింపు ప్రార్థన కాకముందే వెళ్ళిపోతాడు. ఆసక్తి లేనివాడని నేను మనసులో ముద్ర వేసేసుకున్న మనిషి.

అతను వచ్చి గోడ వైపు చూసి, “సున్నం కొత్తగా వేసినట్టున్నారే” అన్నాడు. అంతే, ఇంకేమీ అనలేదు.

అతను చేసిన పరీక్ష మీకు వివరంగా చెప్తాను. మీ ఇళ్ళల్లోనూ పాత బీడు పైపులు ఉండొచ్చు. ముందు మేడ మీద నీళ్ళు వాడకుండా ఒక పూట ఆపాడు. ఎవరూ వాడకపోయినా చెమ్మ పెరుగుతుంటే అది మంచినీళ్ళ పైపు లీకు. వాడినప్పుడే పెరిగితే మురుగు పైపు లీకు. తర్వాత బకెట్టు నీళ్ళలో రంగు కలిపి పైన పోశాడు. గోడకు బయటి వైపు, రొమ్ము ఎత్తున, పైపు అతుకు దగ్గర కాసేపటికి ఆ రంగు ఊరింది. బీడు పైపుల అతుకులో జనపనార కూరి, దాని మీద సీసం కరిగించి పోసి, చల్లారాక ఉలితో దిట్టంగా కొడతారు. సీసం చల్లారితే కాస్త ముడుచుకుంటుంది కాబట్టి ఆ దెబ్బలు తప్పనిసరి. ఏళ్ళు గడిచి, ఇల్లు కొద్దిగా కదిలి, ఆ అతుకు వదులైంది.

“హమ్మయ్య, ఇంతేనా” అన్నాను.

“ఉండండయ్యగారూ” అని అతను సుత్తి తీసుకుని పైనుంచి కిందికి పైపును మెల్లగా తడుతూ వచ్చాడు. పైన ఖంగు ఖంగుమంటోంది. అది గట్టి ఇనుము శబ్దం. నేలకు జానెడు ఎత్తుకు వచ్చేసరికి ఆ శబ్దం చచ్చిపోయింది. మట్టి కుండ మీద కొట్టినట్టు వినిపించింది. చుట్టూ మట్టి తవ్వాడు. పైపు వంపు కనబడింది. చూడ్డానికి నిండుగా, చెక్కు చెదరకుండా ఉంది. మీద తారు పూత కూడా అక్కడక్కడా అలాగే ఉంది. అతను స్క్రూడ్రైవర్ మొన ఆనించి నొక్కాడు. వెన్నలోకి దిగినట్టు దిగిపోయింది. బయటికి తీసి మొనను వేలితో తుడిచి చూపించాడు. పెన్సిల్ పొడిలా నల్లగా ఉంది.

బీడులో ఇనుముతో పాటు గ్రాఫైట్ ఉంటుంది. పెన్సిల్ ములుకులో ఉండేది అదే. తడి నేలలో ఏళ్ళ తరబడి ఉన్న బీడు నుంచి ఇనుము కొద్దికొద్దిగా కరిగి వెళ్ళిపోతుంది, గ్రాఫైట్ మిగులుతుంది. పైపు ఆకారం మారదు. లావు తగ్గదు. బలం మాత్రం ఉండదు. లోపలి నుంచి ఇంకో దాడి జరుగుతుంది. మురుగులోంచి కుళ్ళిన గుడ్ల వాసన వేసే వాయువు పుడుతుంది. సూక్ష్మజీవులు దాన్ని గంధకామ్లంగా మారుస్తాయి. ఆ ఆమ్లం పైపు లోపలి పైభాగాన్ని తినేస్తుంది. ఇక మనది డెల్టా నల్లరేగడి. వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం నెర్రెలు విడుస్తుంది. బీడు వంగదు, విరుగుతుంది. మా పైపు వంపు కింద వెంట్రుకంత పగులు మొదలై, చూపుడువేలు పట్టేంత అయింది. అక్కడి నుంచి మురుగు నేలలోకి, నేల నుంచి మామ్మ బావిలోకి.

“యాసిడ్ ఏమైనా పోశారా?” అని అడిగాడు. తలూపాను. “అది ఇనుమునే తింటుందండీ. వాసన పోయిందనుకుంటాం, పైపు పోతుంది” అన్నాడు.

నేను గట్టు మీద కూర్చుండిపోయాను. నేను దాచిన మరక అసలు జబ్బే కాదు. పైన వదులైన అతుకు చిన్న లోపం. గోడ మీద మరక పడింది కాబట్టి ఎవరైనా చూసే వీలుంది. అసలు పగులు ఎవరికీ కనబడని చోట, నేల కింద ఉంది. ఆగస్టులోనే ఆ మరకకు భయపడి మనిషిని పిలిచి ఉంటే, సుత్తితో తట్టుకుంటూ వచ్చి అప్పుడే కింద పగులును కనిపెట్టేవాడు. దేవుడు నాకు గోడ మీద ముందుగానే చూపించాడు. నేను దాని మీద సున్నం కొట్టించాను.

లేవీయకాండము 14వ అధ్యాయం మీకు జ్ఞాపకం ఉందా? కుష్ఠుపొడ మనుషులకే కాదు, ఇళ్ళకూ వస్తుందని అక్కడ చదువుతాం. గోడ మీద పచ్చని, ఎర్రని చారలు గోడలోకి లోతుగా దిగి కనబడితే ఏం చేయాలో వరుసగా ఉంది. ఇల్లు ఖాళీ చేయాలి. యాజకుడు వచ్చి చూడాలి. ఏడు రోజులు మూసిపెట్టాలి. మచ్చ వ్యాపిస్తే ఆ రాళ్ళు ఊడదీసి ఊరి బయట పారేయాలి. చుట్టూ గీకి, కొత్త రాళ్ళు పెట్టి, కొత్త అడుసు పూయాలి. అయినా మళ్ళీ వస్తేనే ఇల్లు పడగొట్టాలి. ఆ వరుసలో ఎక్కడా మచ్చ మీద పూత వేసి ఊరుకోమని లేదు. రాయి మార్చాకే పూత.

ఇన్నేళ్ళలో ఆ అధ్యాయం మీద రెండుసార్లు ప్రసంగించాను. రెండుసార్లూ ఒక మాట దాటిపోయాను. యాజకుడు ఇంటింటికీ తిరిగి వెతకడు. ఇంటి యజమాని తానే నడిచి వెళ్ళి, మా ఇంట్లో ఇలాంటిదేదో కనబడుతోంది అని చెప్పాలి. అది కుష్ఠుపొడ అవునో కాదో తేల్చడం అతని పని కాదు. ఏదో ఉందని చెప్పడమే అతని పని. అంత మాత్రం చెప్పడానికే మనిషికి గొంతు పెగలదు. మరి యాజకుడి ఇంట్లోనే మచ్చ పడితే? అందరి ఇళ్ళల్లో పొడ చూసేవాడికి తన ఇంటి గోడ చూపించుకోవడానికి ఎవరున్నారు? నాకైతే దేవుడు స్క్రూడ్రైవర్ ఇచ్చి ఒక కుర్రాణ్ణి పంపాడు.

మరమ్మతు రెండు రోజులు పట్టింది. పై అతుకును గీకి శుభ్రం చేసి, సీసాన్ని మొద్దు ఉలితో చుట్టూ మెల్లగా కొట్టి బిగించాడు. గట్టిగా కొడితే బీడు పగులుతుంది. ఆ దెబ్బకు బలం కంటే ఓపిక కావాలి. కింద భాగానికి మాత్రం అతుకు పనికిరాదన్నాడు. “ఎంసీల్ పెట్టొచ్చు కదా” అని నేనే అడిగాను. “గట్టి ఇనుము మీద, పొడిగా ఉన్నచోట పెడితే పట్టుకుంటుందండి. ఇక్కడ పట్టుకోవడానికి ఇనుమే లేదు” అన్నాడు.

కోసే ముందు పైపు పై భాగాన్ని ఇనుప క్లాంపులతో గోడకు బిగించాడు. బీడు చాలా బరువు. కింద కోశాక పై బరువు ఆపే ఆధారం లేకపోతే మొత్తం మీదికి జారుతుంది. తర్వాత కుళ్ళిన భాగాన్ని గట్టి ఇనుము దొరికే దాకా కోసేశాడు. కొత్త పీవీసీ ముక్క పెట్టి, రెండింటినీ రబ్బరు కప్లింగుతో కలిపి బిగించాడు. అతని కూలి మనిషి రెండో రోజు రాలేదు. కోసిన పైపు పట్టుకోవడానికి మనిషి కావాలి. నేను లుంగీ ఎగ్గట్టి గుంతలో దిగాను.

“మీరెందుకయ్యగారూ, వాసన” అన్నాడు.

“నువ్వు రోజూ భరిస్తున్నావు కదా బాబూ” అన్నాను.

కాసేపు పని చేసుకుంటూ ఉండి, తల ఎత్తకుండానే అన్నాడు: “అందుకేనండి వెనకాల కూర్చునేది. ఆదివారం పొద్దున కూడా అర్జెంటు పనులు వస్తాయి. అటు నుంచి అటే వస్తాను. పక్కవాళ్ళకి ఇబ్బందని.”

పైపు పట్టుకున్న నా చేతులు వణికాయి. నా తొమ్మిదేళ్ళ వయసులోని బెంచీ గుర్తొచ్చింది. అదే బెంచీ నా మందిరంలో ఉంది. దాని మీద ఇతను ఇన్నేళ్ళుగా ఒంటరిగా కూర్చుంటున్నాడు. నేను ప్రసంగపీఠం మీది నుంచి చూసి, ఆసక్తి లేనివాడు అనుకున్నాను.

నెహెమ్యా గ్రంథం 3వ అధ్యాయంలో యెరూషలేము గోడ కట్టినవాళ్ళ జాబితా ఉంది. తెకోవ ఊరి గొప్పవాళ్ళు ఆ పనికి మెడ వంచలేదని అందులో రాసి ఉంది. అదే అధ్యాయంలో పెంట గుమ్మం బాగుచేసినవాడి పేరూ ఉంది. ఊరి చెత్త, పెంట బయటికి వెళ్ళే గుమ్మం అది. దాన్ని బాగుచేసి, తలుపులు నిలిపి, గడియలు అమర్చినవాడు రేకాబు కుమారుడైన మల్కీయా. అతను కూలివాడు కాదు, ఒక ప్రదేశానికి అధిపతి. దేవుని గ్రంథం ఆ పని చేసిన మనిషి పేరును, తండ్రి పేరుతో సహా రాసి పెట్టింది. మా నాన్న జీతం పట్టీలో తప్ప ఇంకెక్కడా ఆయన పేరు రాసి ఉండగా నేను చూడలేదు. ఆ సాయంత్రం పెరట్లో రెండుసార్లు సబ్బు రుద్దుకున్నాను. అయినా చేతుల వాసన పోలేదు. చాలా ఏళ్ళ తర్వాత మా నాన్న నా పక్కన ఉన్నట్టు అనిపించింది. ఆయన బతికుండగా నేను ఏ సభలోనూ ఆయన పని పేరు చెప్పలేదు. ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను.

మర్నాడు మామ్మ ఇంటికి వెళ్ళాను. పైపు సంగతి, సున్నం సంగతి, ఆగస్టు నుంచి నాకు తెలుసన్న సంగతి అన్నీ చెప్పి క్షమించమన్నాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. “చెప్పుంటే బోరింగు కాడి నించి తెచ్చుకునేదాన్ని కదయ్యా” అంది. ఆ ఒక్క మాటే. అందులో కోపం లేదు. కోప్పడితే నాకు తేలికగా ఉండేది. ఆశా కార్యకర్తకు చెప్పాం. బావి నీళ్ళు తోడించి, బ్లీచింగ్ పౌడర్ వేయించాం. పరీక్ష చేయించేదాకా ఆ నీళ్ళు తాగొద్దన్నారు. ఆ ఇంటికి రోజూ రెండు బిందెలు బోరింగు నీళ్ళు మోసుకెళ్ళడం నా పని. ఆమె వద్దంటుంది. నేను వినను.

ఆదివారం ప్రభువు బల్లకు ముందు ఇదంతా సంఘం ఎదుట చెప్పాను. దావీదు తన పాపం గురించి మౌనంగా ఉన్నంతకాలం అతని ఎముకలు లోలోపల క్షీణించాయని 32వ కీర్తనలో ఉంది కదా. బయటికి రాజు నిండుగానే కనబడి ఉంటాడు. మా పైపు కూడా నిండుగానే కనబడింది. ఆరాధన అయ్యాక ముగ్గురు నా దగ్గరికి వచ్చి, ఒక్కొక్కరే, మా ఇంట్లో కూడా ఏదో కనబడుతోంది అయ్యగారూ అన్నారు. అవి పైపుల సంగతులు కావు. అవి ఇక్కడ రాయను.

ఇక పైపుల గురించి రెండు మాటలు. గోడ మీద మరక పడితే సున్నం వేయకముందే కారణం వెతకండి. బీడు పైపుల్లో యాసిడ్ పోయకండి. బావి దగ్గరున్నవాళ్ళు మురుగు పైపు లీకు తెలిసిన రోజే పక్కింటికి వెళ్ళి చెప్పండి. మరమ్మతు తర్వాత చేయించుకోవచ్చు. సెప్టిక్ ట్యాంకులోకి ఏ మనిషినీ దించకండి. అందులోని వాయువు నిమిషాల్లో ప్రాణం తీస్తుంది. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని దించి శుభ్రం చేయించడం 2013లో వచ్చిన చట్టం ప్రకారం నేరం. చట్టం లేకపోయినా అతను మన సహోదరుడే.

నా గది గోడ ఇంకా గీకినట్టే ఉంది. ఇటుకలు కనబడుతున్నాయి. పూర్తిగా ఆరేదాకా పూత వద్దని చెప్పాడు ఆ కుర్రాడు. ఇంటికి వచ్చినవాళ్ళు చూసి అడుగుతున్నారు. చెప్తున్నాను. పోయిన ఆదివారం అతను పని బట్టలతోనే వచ్చాడు. మా ఆవిడ లేచి వెళ్ళి అతని భార్యాబిడ్డలను, అతన్ని ముందు వరుసలో తన పక్కన కూర్చోబెట్టింది. ముగింపు ప్రార్థన అయ్యేదాకా ఉన్నాడు.

ప్రార్థన చేద్దాం. ప్రభువా, మా ఇళ్ళల్లో నీవు చూపించిన మరకను దాచుకోకుండా, దాన్ని చూపించి చెప్పుకునే ధైర్యం మాకివ్వు. మేము దాచినదాని వల్ల నష్టపోయిన పొరుగువారిని నీవే కాపాడు, వారి దగ్గరికి మమ్మల్ని నడిపించు. మా మురుగు మోసే చేతులను నీవు గౌరవించినట్టు మేమూ గౌరవించేలా మా మనసు మార్చు. యేసు నామంలో అడుగుతున్నాము తండ్రీ, ఆమేన్.

మామ్మ మనవరాలి కోసం ప్రార్థించడం మానకండి. ఇప్పుడు బాగానే ఉంది, బడికి వెళ్తోంది.

ప్రభువులో మీ సహోదరుడు,
మీ పాస్టరు